మా కాలనీ ఆంజనేయుడి రెండు పుట్టినరోజులు

మనుషులకి బళ్లో వేయించిన పుట్టినతేదీ ఒకటి, అసలుది ఒకటి ఉండడం మామూలే. మా కాలనీ ఆంజనేయస్వామికి కూడా అదే ఇబ్బంది వచ్చింది. ఊరివాళ్ల లెక్కలో ఆయన చైత్ర పౌర్ణమినాడు పుట్టాడు. కోస్తా నుంచి వచ్చి ప్లాట్లు కొనుక్కున్న మా లెక్కలో వైశాఖ బహుళ దశమినాడు పుట్టాడు. మధ్యలో నలభై రోజులు తేడా. రెండూ ఎండాకాలంలోనే పడతాయి కాబట్టి ఆయన ఎప్పుడు పుట్టినా చెమటలు మాత్రం నాకే పట్టేవి. అప్పట్లో నేను కాలనీ సంక్షేమ సంఘానికి కార్యదర్శిని. గుడి తాళంచెవి నా దగ్గర ఉండేది.

ఆ పదవి నేను కోరుకున్నది కాదు. ఎన్నిక సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దొరక్క గంట ఆలస్యంగా చేరాను. అప్పటికే నన్ను ఏకగ్రీవంగా ఎన్నుకుని అందరూ టీ తాగుతున్నారు. నాకు టీ మిగల్లేదు.

ఎనభైల మధ్యలో సంగతి ఇది. చైతన్యపురి దాటాక, ఎల్బీ నగర్ చౌరస్తాకి ఇవతల, మెయిన్ రోడ్డు నుంచి లోపలికి పదిహేను నిమిషాలు నడిస్తే మా కాలనీ. అంతకు ముందు అది జొన్నచెలక. మేం కొన్ననాటికి చెలక పోయి సున్నం గీతలు, హద్దురాళ్లు మాత్రం ఉన్నాయి. ఇళ్లు ఒకటొకటిగా లేచాయి. రోడ్లు మాత్రం లేవనే లేదు. ఆఫీసు నుంచి రెండు బస్సులు మారి, ఎర్రదుమ్ము తొక్కుకుంటూ ఇంటికి చేరేసరికి కాలనీ సంక్షేమం మీద నాకు పెద్దగా ఆసక్తి మిగిలేది కాదు.

ఆ చెలక గట్టు మీద ఆంజనేయుడి రాయి ఉండేది, నడుమెత్తున. ప్లాట్లు వేసిన యజమాని రాతిని పక్కకి జరిపి రోడ్డు తీద్దామనుకున్నాడు. అతని తల్లి ఒప్పుకోలేదు. ఆవిడ పట్టుబట్టి రాతి చుట్టూ జాగా వదిలించింది. లేకపోతే మా నాలుగో నంబరు రోడ్డు మధ్యలో స్వామి మైలురాయిలా నిలబడి ఉండేవాడు. ఆ జాగాలో మేం పైకప్పు వేశాం, మొజాయిక్ పరిచాం, ఇనప గ్రిల్లు బిగించాం, గంట కట్టాం. సైదాబాద్ నుంచి సైకిలు మీద వచ్చి పూజ చేసి వెళ్లే పూజారిని కుదిర్చాం. ఇవన్నీ అయ్యాక ఆ గుడి మాదే అని మాకు అనిపించడం మొదలైంది.

యజమాని తల్లి అయిన ఆ పెద్దావిడ మాత్రం అవేవీ పట్టించుకోలేదు. ఏటా చైత్ర పౌర్ణమి పొద్దున్నే ఇత్తడి గిన్నెతో వచ్చి, స్వామికి నిండా సిందూరం రాసి వెళ్లేది. గ్రిల్లు బిగించకముందు ఎలా వచ్చేదో బిగించాకా అలాగే వచ్చింది. కాకపోతే ఇప్పుడు ఎవరైనా తాళం తియ్యాలి.

మా అధ్యక్షుడు రిటైరైన హెడ్‌మాస్టరు, మా జిల్లావాడే. మంచి మనిషి. మంచి మనుషులతో ఇబ్బంది ఏమిటంటే వాళ్లతో పోట్లాడడం కుదరదు. ఆ ఏడు ఉగాది వెళ్లాక సమావేశం పెట్టి రెండు తీర్మానాలు చదివారు. ఒకటి, స్వామి జయంతి ఇకమీదట వైశాఖ బహుళ దశమినాడే జరపవలెను. రెండు, మూలవిరాట్టును స్త్రీలు ముట్టుకొనరాదు.

"ఆంజనేయుడు బ్రహ్మచారి కదండీ. మా ఊళ్లో ఆడవాళ్లు గడప కూడా దాటరు" అన్నారాయన.

"మరి పెద్దావిడ ఇన్నేళ్లుగా రాస్తున్నారు కదండీ" అన్నాను.

"అప్పుడది రాయి. ఇప్పుడు గుడి" అన్నారు. "పౌర్ణమికి ఎనిమిది రోజులుంది. మీరు వెళ్లి సున్నితంగా చెప్పండి. మీకు మాట నేర్పుంది."

నాకు ఉన్నది మాట నేర్పు కాదు, కాదనలేని జబ్బు. రెండూ దూరం నుంచి చూస్తే ఒకేలా ఉంటాయి.

మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ ఆవిడ ఇంటికి వెళ్లాను. కాలనీ చివర బావి పక్కన పాత పెంకుటిల్లు. కొడుకు ముందువైపు మేడ కట్టుకున్నా ఆవిడ మాత్రం పెంకుటింట్లోనే ఉండేది. ఎండాకాలం మా బోర్లన్నీ ఎండిపోతే ఆ బావే కాలనీకి దిక్కు. ఆవిడ అరుగు మీద చేట పెట్టుకుని గుడ్డలోంచి సిందూరం జల్లిస్తోంది.

"ఏంది సారూ, గిట్లొచ్చినవ్? నీళ్లు రాలేదా?"

"నీళ్ల కోసం కాదు పెద్దమ్మగారూ. ఊరికే వచ్చాను."

"ఊకెనే ఎవ్వలొస్తరు బిడ్డా ఈ ఎండల? కూసో. పెద్దమ్మంటె సాలు. గారు ఎందుకు, బరువు."

కూర్చున్నాను. దారిలో నాలుగు వాక్యాలు తయారు చేసుకున్నాను. మొదటిది మొదలుపెట్టేలోపే ఆవిడ అందుకుంది.

"సిందూరం కోఠికెళ్లి తెప్పిచ్చిన. ఈడ అమ్మేదాంట్ల ఇటికపొడి కలుపుతుండ్రు. పున్నమి నాడు నువ్వు పొద్దుగాల్నే తాళం తియ్యాలె. ఎండెక్కితె జారుతది."

"పెద్దమ్మా, ఈ ఏడు మీ కళ్లకి ఇబ్బందేమో. పూజారిగారే రాసేస్తే..."

"కండ్లు మసకైతే అయినయ్. చేతికి ఎరుకే." చేతిలో చేట ఆగింది. "ఈ ఇంటికి కోడలిగ వచ్చిన యేడు మా అత్త నా చెయ్యి పట్టి రాయిచ్చింది. గప్పటి సంది ఒక్క పున్నమి తప్పలె. కొడుకు కడుపుల ఉన్నప్పుడు గూడ రాసిన. చెలక పోయింది, ఎడ్లు పోయినయ్, ఆయన పోయిండు. కొడుకు ప్లాట్లెంబడి తిరుగుతుండు, అన్నం తిననీకి గూడ దొరకడు. నాకంటూ గిదొక్కటే మిగిలింది సారూ. సచ్చేదాంక ఇడువ."

నా మిగతా మూడు వాక్యాలూ వాటంతటవే రాజీనామా చేశాయి. వచ్చేటప్పుడు ఒక కట్ట పుంటికూర చేతిలో పెట్టింది. ఇంటికి వెళ్లేసరికి అది గోంగూర అయింది. మా ఆవిడ పచ్చడి చేసింది.

అధ్యక్షులు పొద్దున్నే అడిగారు, "మాట్లాడారా?"

"మాట్లాడానండి."

"ఏమన్నారు?"

"ఆవిడ వైపు నుంచి ఏ ఇబ్బందీ లేదండి."

ఇందులో ఒక్క అబద్ధం కూడా లేదు. ఆయన నా భుజం తట్టి, మాట నేర్పు గురించి మళ్లీ ఒకసారి అన్నారు.

పౌర్ణమి పొద్దున్న ఆరింటికి పెద్దావిడ గుడి ముందు ఉంది. నేను తాళం తీశాను. ఎవరూ లేవకముందే పని అయిపోతుందనీ, ఏడింటి బస్సు అందుకోవచ్చనీ నా లెక్క. ఆవిడకి అలాంటి తొందరలేవీ లేవు. చీర చెంగు నడుముకి దోపి, సిందూరంలో నువ్వులనూనె పోసి, వేళ్లతో కలిపి, గోరు మీద జారుతోందా లేదా చూసుకుంది. ఎడమచేత్తో స్వామి భుజం పట్టుకుని కుడిచేత్తో కింది నుంచి పైకి రాయడం మొదలుపెట్టింది. పిల్లాడికి నలుగు పెట్టేటప్పుడు కదలకుండా పట్టుకుంటారే, అలాగ. కళ్లు చూడట్లేదు. వేళ్లే ఎక్కడ పలచనో వెతుక్కుని అక్కడ ఆగుతున్నాయి. ఎడమ మోకాలి దగ్గర చాలాసేపు ఆగాయి.

"అయిపాయె, అయిపాయె" అంటోంది. నాతో కాదు.

నేను గడియారం చూసుకుంటుంటే వెనక చేతికర్ర చప్పుడు ఆగింది. అధ్యక్షులు నడకకి వెళ్లి తిరిగి వస్తున్నారు.

"ఏమండీ కార్యదర్శిగారూ, ఇదేమిటి?"

"తాళం తీశానండి."

"అది కనిపిస్తోంది. ఆవిడకి చెప్పానన్నారు కదా?"

"మాట్లాడానన్నానండి."

పెద్దావిడ వెనక్కి తిరిగింది. రెండు చేతులూ మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. "ఏంది సారూ, పండుగపూట గంత పరేషాన్ ఉన్నవ్? బీపీ గోళి ఏసుకోలేదా?"

ఆయన ఆవిడని పల్లెత్తు మాట అనలేదు. ఆడవాళ్లతో, అందులో పెద్దవాళ్లతో అలా మాట్లాడే మనిషి కాదు. నన్ను మాత్రం పక్కకి పిలిచి, "సంప్రోక్షణ చేయించాలి. ఇవాళే. ఆఫీసుకి సెలవు పెట్టండి" అన్నారు. ఆవిడ మిగిలినది నిదానంగా పూర్తి చేసుకుని, గిన్నె సర్దుకుని, దండం పెట్టుకుని వెళ్లింది.

పూజారి ఎనిమిదింటికి సైకిలు దిగి విషయం విన్నాడు. సంప్రోక్షణకి కనీసం పదహారు బిందెల నీళ్లు కావాలన్నాడు. కాలనీ బోరు అప్పటికి వారం రోజులుగా గాలి తప్ప ఇంకేమీ ఇవ్వట్లేదు. ఉన్నది ఒక్కటే బావి. ఆవిడ చెయ్యి తగిలిన దేవుణ్ణి శుద్ధి చెయ్యడానికి ఆవిడ దగ్గరే నీళ్లు అడగాలి. ఎవరు అడగాలో చర్చించనైనా లేదు. కాలనీ సంక్షేమం కార్యదర్శి పరిధిలోకి వస్తుంది.

ఆవిడ చేతులు కడుక్కుంటోంది. ఎరుపు ఇంకా పూర్తిగా పోలేదు.

"పదారు బిందెలా? గిన్నెందుకు?"

"గుడి కడగడానికమ్మా."

"గుడినా, దేవున్నా?"

నేను బావి గిలక వైపు చూశాను.

"నా చెయ్యి తగిలిందనా?"

"కొందరి పద్ధతి అలా ఉందమ్మా."

"మొన్న గీ మాట చెప్పనీకే వచ్చినవ్ గద?"

"అవునమ్మా."

"మరి చెప్పకపోతివి. కాలేజీల సదివినోనివి, గంత చిన్న మాటకు నోరు రాలేదా?"

రాలేదని ఒప్పుకున్నాను. ఆవిడ చేతులు చెంగుకి తుడుచుకుంది. తర్వాత లోపలికి వెళ్లి మోటారు వేసింది. "తీస్కపో. ఈ బాయి గూడ నేను దగ్గరుండి తవ్విచ్చిందే. గీ నీళ్లు శుద్ధికి పనికొస్తయో రావో, పోయి అడిగి రా" అంది.

అడగదగ్గ ప్రశ్నే. కానీ నేను సంఘం ముందు పెట్టలేదు. బిందెలు ఎత్తుకుంటుంటే ఆవిడే మళ్లీ అంది: "ఎడమ మోకాలి కాడ జెర మెల్లగ కడగుమను." ఎందుకని నేను అడగలేదు. ఎండ ఎక్కుతోంది, ఇంకా పదమూడు బిందెలు ఉన్నాయి.

సంప్రోక్షణ మొదలైంది. పూజారి మంత్రాలు చదువుతూ నీళ్లు పోశాడు. నూనె కలిపిన సిందూరం మీద నీళ్లు చేమాకు మీద పడ్డట్టు పడి జారిపోయాయి. ఎనిమిది బిందెలయ్యాయి. స్వామి పొద్దుటికంటే ఇంకా నిగనిగలాడుతున్నాడు.

"ఇలా లాభం లేదు. కుంకుడుకాయ రసం వాడితే?" అన్నారు అధ్యక్షులు.

"శాస్త్రంలో కుంకుడుకాయ ప్రస్తావన లేదండి" అన్నాడు పూజారి.

"వద్దని కూడా లేదు కదా?"

కుంకుడుకాయల కోసం ఇంటికి వెళ్తే మా ఆవిడ, "ఇప్పుడు ఎవరికి తలంటు?" అంది. దేవుడికన్నాను. ఆవిడ ఒకసారి నా ముఖం చూసి, ఇంకేమీ అడక్కుండా డబ్బా ఇచ్చింది. కార్యదర్శినయ్యాక మా ఇంట్లో చాలా ప్రశ్నలు అలా ఆగిపోయాయి.

రసం పని చేసింది, కావలసినదానికంటే ఎక్కువే. ఇవాళ్టి పూతతో పాటు పాత పూతలు కూడా చెట్టు బెరడులా పెచ్చులు ఊడి వచ్చాయి. ఎన్ని పౌర్ణములో చెప్పలేను. ఎరుపు కింద నారింజ, నారింజ కింద నలుపు. పీచు పెట్టి రుద్దుతున్న పూజారి చెయ్యి ఎడమ మోకాలి దగ్గర ఆగిపోయింది. అరచేతిలో చింతగింజంత రాతిముక్క. మోకాలి నుంచి నడుం దాకా వేలు పట్టేంత పగులు.

ఆవిడ చెప్పిన మాట నేను పూజారికి చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది.

పూజారి మంత్రం ఆపేశాడు. "భిన్నమైన విగ్రహం పూజకి పనికిరాదండి. నీళ్లలో కలిపెయ్యాలి" అన్నాడు నెమ్మదిగా.

అధ్యక్షులు గుడిమెట్టు మీద కూర్చుండిపోయారు. జయంతి కరపత్రాలు అచ్చయి ఆయన ఇంట్లోనే ఉన్నాయి. కానీ ఆయన ఆలోచిస్తున్నది వాటి గురించి కాదు. దేవుడికి తన వల్ల దెబ్బ తగిలిందని ఆయన నిజంగానే నమ్మారు. ఆయన్ని అలా చూడడం నాకు కష్టంగా అనిపించింది. మామూలుగా అయితే కష్టంగా అనిపించేది ఆయన మాట్లాడుతున్నప్పుడు.

కాసేపటికి పూజారికి ఒక దారి తోచింది. "స్వయంభువైతే దోషం లేదండి. స్వయంభువా, చెక్కించిందా?"

ఇద్దరూ నా వైపు చూశారు. నేను మళ్లీ బావి దారి పట్టాను.

"స్వయంభువా? గదెవరు చెప్పిండ్రు?" అంది పెద్దావిడ. "మా మామ తాత రాళ్లు కొట్టేటాయనతోటి చెక్కిచ్చిండు. రెండు బస్తాల జొన్నలిచ్చిండట. ముక్కు సరిగ కుదరలేదని ఒక బస్తా ఎన్కకడిగిండట గూడ." అప్పుడు నా ముఖం చూసింది. "ఏమైంది? మోకాలేనా?"

తల ఊపాను.

ఆవిడ గబుక్కున లేచి దారి దాకా వచ్చి, అక్కడ ఆగిపోయింది. మళ్లీ వెళ్లి అరుగు మీద కూర్చుంది.

"నేను రాను. మీ పెద్దసారును రమ్మను."

పదకొండు గంటల ఎండలో అధ్యక్షులు వచ్చారు. గొడుగు కూడా మర్చిపోయారు. జీవితమంతా ఇతరులు తప్పు ఒప్పుకుంటుంటే విన్న మనిషికి తాను ఒప్పుకోవడం అలవాటు లేదు. అరుగు ముందు నిలబడి, "అమ్మా, స్వామికి దెబ్బ తగిలింది" అన్నారు. ఆయన భాషలో క్షమాపణ అంతవరకే ఉంది.

"మీరు కొట్టింది గాదు సారూ. గది పాత దెబ్బ. మా అత్త కాలంలనే పగిలింది, పిడుగు పడి. మనిషికి దెబ్బ తాకితె ఊకుంటమా, దేవునికి మాత్రం ఎందుకు ఇడవాలె అని ఆమె నింపుడు షురూ చేసింది. నాకు నేర్పింది గూడ గదే. ఏటా నింపాలె, ఎవ్వలకు కనవడనియ్యొద్దు అన్నది. మీరు ఉత్త ఎర్రరంగు అనుకున్నరు."

"మాకు తెలీదమ్మా."

"అడిగితె గద తెలిసేది."

ఆయన తల వంచుకున్నారు. "రండమ్మా. మీరు రాకపోతే ఆయన్ని నీళ్లలో వదలాలి" అన్నారు.

ఆవిడ ఆయన్ని ఎక్కువసేపు నిలబెట్టలేదు. లోపలి నుంచి తేనెమైనం ముద్ద, మిగిలిన సిందూరం, నూనెసీసా తెచ్చుకుంది. గుడి దగ్గర మైనాన్ని నూనెలో కరిగించి, సిందూరంతో పిసికి, రాతిముక్కని దాని చోట అమర్చి, పగులంతా వేలితో కూరింది. రెండు చేతులూ పనిలో ఉన్నాయి, గిన్నె పట్టుకోవడానికి మనిషి కావాలి. పూజారి మడి అన్నాడు. నేను ఎలాగూ అలిసిపోయి ఉన్నాను. అధ్యక్షులే పట్టుకున్నారు. ఆవిడ చూడకుండానే, "జెర కిందికి పట్టు సారూ" అంటే కిందికి, "ఇటు" అంటే ఇటు. గంటన్నర పట్టింది. అయ్యాక పూజారి వంగి చూసి, పగులు కనిపించట్లేదు కాబట్టి దాని గురించి తాను ఏమీ చెప్పలేనన్నాడు. పండితుడు.

ఆదివారం సమావేశంలో అధ్యక్షులు చెబుతుంటే నేను రాశాను: 'విగ్రహ సంరక్షణ నిమిత్తము ఏటా చైత్ర పౌర్ణమినాడు సిందూర లేపనము చేయించవలెను. ఇందుకు అనుభవము కలవారిని వినియోగించవలెను.' పాత తీర్మానాలు రెండూ రద్దు చెయ్యమంటారా అని అడిగాను. అక్కర్లేదన్నారు. సభ్యులు ఒప్పుకోరని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. స్త్రీలు ముట్టుకొనరాదన్న వాక్యమూ, ఈ వాక్యమూ పుస్తకంలో ఎదురెదురు పేజీల్లో ఉండిపోయాయి. పుస్తకం మూస్తే ఒకదాన్నొకటి ముట్టుకునేవి.

నలభై రోజులు గడిచి వైశాఖ బహుళ దశమి వచ్చింది. స్వామి అధికారికంగా పుట్టాడు. మైకు, వడమాలలు, తమలపాకుల పూజ, హయత్‌నగర్ నుంచి సన్నాయి. నేను మూడు రోజులుగా సరిగా పడుకోలేదు. లైను నాలుగో నంబరు రోడ్డు దాకా ఉంది. అందులో గ్రిల్లుకి ఇవతల, మిగతా ఆడవాళ్లతో పాటు పెద్దావిడ నిలబడి ఉంది. విస్తరాకులు మోసుకుపోతున్న నన్ను ఆపింది.

"నా గురించి బుక్కుల ఏమో రాసిండ్రట గద. ఏం రాసిండ్రు?"

ఈసారి దాచకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పాను. లేపనం సంగతీ, అనుభవం కలవారి సంగతీ, ముట్టుకోకూడదన్న మాట ఇంకా అలాగే ఉన్న సంగతీ.

ఆవిడ విని కొంచెంసేపు లోపలి దేవుడి వైపు చూసింది. "అంటె నేను భక్తురాల్ని గాదు. పనిదాన్ని."

"భక్తురాలని రాస్తే ఒప్పుకోరమ్మా."

"ఎర్కనే." చెంగుతో మెడ మీది చెమట తుడుచుకుంది. కోపం లేదు, సంతోషమూ లేదు. "మంచిదే తియ్యి బిడ్డా. భక్తురాల్నయితే అడ్డం నిలబడుతరు. పనిదాన్నంటె ఎవ్వలు ఆపరు."

లైను కదిలింది. ఆవిడ ఒక అడుగు ముందుకు వేసింది. లోపల నుంచి విస్తరాకులేవీ అని ఎవరో కేకేస్తున్నారు.